పెట్టెలోని పట్టా

మా చిలకలగూడకు వేసవి రెండు గుర్తులతో వచ్చును. చౌరస్తాలో చెఱకురసపు బండ్లు నిలుచుట ఒకటి. పదవతరగతి ఫలితములు వెలువడి, ఇక అమ్మాయిని ఏమి చదివింతుమను ప్రశ్న ఇంటింటను పుట్టుట రెండవది. రైల్వే క్వార్టర్లలో నేమి, కట్టమైసమ్మ గుడి చుట్టునున్న సందులలో నేమి, సీతాఫలమండికి పోవు త్రోవలోని మేడలలో నేమి, ఆ దినములలో వినబడునది ఈ ప్రశ్నయే. మేము సంస్కృతమును ఇంగ్లీషును చదువుకొని, ఇరువది యేండ్లకు పైగా బడిపంతులుగిరి చేయుచున్నవారము. కావున ఇరుగుపొరుగువారు సలహాకై మా యింటికి వత్తురు. ఆడుబిడ్డను నడుమ ఆపవలదనియు, ఎంతవఱకు చదువగోరునో అంతవఱకు చదివింపవలెననియు మేము వారికి చెప్పుదుము. ఈ మాట ఎన్ని గడపలలో చెప్పియుందుమో లెక్కలేదు. ఈ సంవత్సరము ఆ ప్రశ్న మా గడపకే వచ్చినది.

మా కుమార్తె పదవతరగతిలో ఉత్తీర్ణురాలైనది. గణితములో మంచి మార్కులు వచ్చినవి. ఇంటర్మీడియెటులో ఏమి చేరెదవని ఒక సాయంకాలము అడిగితిమి.

"ఏదైనా ఫరవాలేదు నాన్నా. దగ్గర్లో ఉన్న కాలేజీ అయితే చాలు."

"తరువాత?"

"తరువాత డిగ్రీ."

"ఆ తరువాత?"

పిల్ల మా మొగము చూచి నవ్వి, "అమ్మ కూడా డిగ్రీయే కదా" అనెను.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, దిగులును లేదు. లోకమిట్లుండునని చెప్పినట్లు చెప్పినది, అంతియే. వంటయింటి గడపకడ కూరలు తరుగుచున్న మా గృహిణి తలయెత్తలేదు. కత్తిపీట చప్పుడు మాత్రము క్షణకాలమాగి, మఱల మొదలైనది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తల్లిదండ్రుల విద్య బిడ్డలకు, ముఖ్యముగా ఆడుబిడ్డలకు, నిచ్చెనవంటిదని మేము సభలలో చెప్పినవారము. అది అబద్ధము కాదు. చదివిన తల్లి గల యింట బాలిక ఎక్కువకాలము బడిలో నిలుచునని దేశదేశముల పరిశీలకులు చెప్పుచున్నారు. అందులో మాయయేమియు లేదు. ఆ యింట నాలుగు పుస్తకములుండును. పలక చూచి తప్పు దిద్దువారుందురు. ఏ పరీక్షకు గడువెప్పుడో తెలిసియుండును. ప్రధానోపాధ్యాయుని యెదుట నిలిచి ఇదేమని యడుగు ధైర్యముండును. పెండ్లితొందర కొంత తగ్గును. 1951వ సంవత్సరపు జనగణనలో మన దేశమునందు నూటికి తొమ్మిదిమంది స్త్రీలకైనను అక్షరజ్ఞానము లేకుండెను. 2011 నాటికి ఆ సంఖ్య సుమారు 65 అయినది. ఒక్కొక్క తరము తల్లులు తమ భుజములపై కుమార్తెల నెక్కించుకొననిదే ఈ యెత్తు రాదు.

ఇదంతయు నిజమైనచో, మా యింటిలో సంగతి యేమి? తండ్రి ఎం.ఏ., తల్లి గణితములో బి.యస్సీ. పుస్తకములకు కొఱత లేదు. ఇట్టి యింట పెరిగిన పిల్ల కోరిక, దగ్గఱి కాలేజీ గోడవఱకు పోయి ఏల నిలిచినది?

మాకు బృహదారణ్యకోపనిషత్తు జ్ఞప్తికి వచ్చెను. విదుషియైన కుమార్తె కలుగవలెనని, ఆమె నిండు నూఱేండ్లు బ్రదుకవలెనని కోరు దంపతులు నువ్వులతో అన్నము వండించి, నేయి కలుపుకొని తినవలెనని అందొక విధి కలదు. వేలయేండ్లకు పూర్వమే ఒక గ్రంథము విద్యావతియగు కూతురిని వరముగా కోరుకొనవచ్చుననినది. కాని భాష్యకారులైన శంకరాచార్యులవారు ఆ చోటికి వచ్చి, ఇచ్చట పాండిత్యమనగా గృహకృత్యములయందలి నేర్పు మాత్రమేయని అర్థము వ్రాసిరి. స్త్రీకి వేదమునందు అధికారము లేదుగదా యని కారణమును చెప్పిరి. మూలము వాకిలి తెఱచినది. భాష్యము దానిని వంటయింటివఱకే తెఱచి నిలిపినది. విద్యార్థిదశలో ఈ పంక్తి చదివి మేము మిక్కిలి ఆగ్రహించితిమి. అప్పుడు మాకు పెండ్లి కాలేదు.

మా పెండ్లియైన మూడవ యేట మా గృహిణి ఒక బ్యాంకు గుమాస్తా పరీక్షలో నెగ్గెను. ఉద్యోగము వేఱొక జిల్లాలో. పిల్లకప్పుడు ఏడాదిన్నర. మా తల్లిగారు మంచముపై నుండిరి. ఉత్తరము చేతపట్టుకొని ఆమె మా యెదుట నిలువగా, మేము "నీ యిష్టం" అంటిమి. అని యూరకుంటిమా? పిల్ల యెవరియొద్ద నుండును, అమ్మకు మందులెవరిత్తురు, రెండిండ్ల ఖర్చెట్లు, అని వ్రేళ్లుమడిచి మూడు చిక్కులు లెక్కించితిమి. ఆ మూడింటిలో ఒక్కటియు మేము తీర్పజూతుమని అనలేదు. ఆమె ఉత్తరము మడిచి, పట్టాతోపాటు ఇనుపపెట్టెలో పెట్టెను. కొన్నాళ్లకు మా తల్లిగారు స్వర్గస్థులైరి. పిల్ల బడికి పోవ నారంభించెను. చిక్కులు ఒక్కొక్కటియే విడిపోయినవి. కాని ఆ పెట్టె మాట మేము మఱల ఎత్తలేదు.

అంతటితో నైన నాగలేదు. బ్యాంకు కాగితములు మేమే వ్రాయుదుము. బడికి పోవలసివచ్చిన మేమే పోదుము. పిల్ల ఏడవతరగతిలో నుండగా లెక్క తెలియలేదని పుస్తకము పట్టుకొని వచ్చినది. మాకు శ్లోకమునకు అన్వయము చెప్పుట వచ్చును గాని లెక్కలు రావు. ట్యూషను పెట్టింతుమంటిమి. గణితశాస్త్ర పట్టభద్రురాలున్న యింటినుండి మా పిల్ల మూడేండ్లు వీధిచివఱకు లెక్కల ట్యూషనుకు పోయినది. ఆ పోవుటలో ఏ పాఠము నేర్చినదో మాకు తట్టలేదు. తండ్రి చదువు జీతమునకు పనికివచ్చును, తల్లి చదువు పెట్టెకు పనికివచ్చునని నేర్చినది. నోటితో స్త్రీవిద్యను మెచ్చుచు, చేతలతో దానికి వంటయింటి అర్థము వ్రాసినవారము మేమే. భాష్యకారుని నిందింప మాకేమి యధికారము?

మా బడిలో మఱియొక బాలిక కలదు. ఆమె తల్లి చౌరస్తాకు అవతల ఇడ్లీబండి పెట్టుకొని బ్రదుకుచున్నది. వ్రాలు చేయరాదు. ఐనను ప్రతి పరీక్ష తరువాతను, ఉదయపు బేరము ముగియగానే బండి కట్టివేసి, చెంగుతో చేతులు తుడుచుకొనుచు బడికి వచ్చును. "సారూ, నాకు సదువు రాదు. మా పొల్లకు ఏడ మార్కులు వోయినయో గది జెర సదివి సెప్పుండ్రి" అనును. మేము జవాబుపత్రము చదివి చెప్పుచుండగా, కూతురిని ప్రక్కను నిలువబెట్టుకొని చెవియొగ్గి వినును. పిమ్మట పిల్లవైపు తిరిగి, "ఇంటికి వొయినంక గిది నాకు మల్ల సెప్పాలె" అనును. ఆ పిల్ల రాత్రి తల్లికి పాఠము చెప్పవలసినదే. చెప్పవలెనన్న ముందు తాను తెలిసికొనవలసినదే.

ఆ బాలిక పెద్దదై రైలింజను నడుపునట. మా పేటలో రైలుకూత వినని బిడ్డ లేదు, కాని అట్లు కోరిన ఆడుబిడ్డను మేము చూచుట అదియే మొదలు. తల్లితో ఆ మాట యనగా ఆమె నవ్వి, "నేను ఇడ్లీబండి నడిపిస్తున్న, అది రైలుబండి నడిపిస్తదంట సారూ" అనెను.

చదువులేమి మేలని మేము చెప్పుట కాదు. ఆ తల్లి తన నిరక్షరతకు ఎంత మూల్యమిచ్చుచున్నదో మేమెఱుగుదుము. ఒకసారి గోడమీది ప్రకటన చదువలేక, విద్యార్థివేతనపు గడువు దాటనిచ్చి, బడి మెట్లమీద కూర్చుండి యేడ్చినది. నాలుగక్షరములు వచ్చియున్న ఆ కన్నీరు తప్పియుండును. కాని ఆ యింట తల్లి పనికి విలువ కలదు, తల్లి ప్రశ్నకు విలువ కలదు. ఆ విలువను చూచి పెరిగిన పిల్లకు తన కోరికను కుదించుకొనవలెనని తోచలేదు. కుమార్తె తల్లిదండ్రుల పట్టాలను చదువదు. ఆ పట్టాలకు ఇంటిలో జరుగుచున్న మర్యాదను చదువును.

ఇది మా యొక్క యింటి కథ మాత్రమే కాదు. మన తెలుగుబిడ్డ, భారతదేశమున విద్యుదింజనీరింగు పట్టా పొందిన మొదటి స్త్రీ, అయ్యలసోమయాజుల లలితగారి చరిత్రము చూడుడు. ఆమె 1919లో మద్రాసులో జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. అంతటి విద్వాంసుని యింటను మగపిల్లలు ఇంజనీర్లైరి, ఆడుపిల్లల చదువు బడితో నిలిచెను. లలితగారికి పదునైదవ యేటనే వివాహమైనది. బడిచదువైనను పూర్తి కావలెనని తండ్రి పట్టుబట్టుట యొక్కటే విశేషము. 1937లో భర్త మరణించెను. ఆమెకు పదునెనిమిదేండ్లు, ఒడిలో నాలుగు నెలల ఆడుశిశువు. అప్పుడు ఆ తండ్రి కదలెను. కళాశాలాధ్యక్షులైన చాకోగారిని ఒప్పించి, విద్యాశాఖ డైరెక్టరు అనుమతి సంపాదించి, 1940లో కుమార్తెను తాను పాఠము చెప్పు కళాశాలలోనే చేర్చెను. కొన్ని మాసములలోనే మఱి యిద్దఱు యువతులు అచ్చటనే చేరిరి. ఆ కళాశాల పట్టాలలో పురుషవాచకమే అచ్చువేసియుండగా, దానిని కొట్టివేసి స్త్రీవాచకమును చేతితో వ్రాయవలసివచ్చెనట.

ఆ పట్టా పెట్టెలో పడియుండలేదు. ఆమె జమాల్పూరు రైల్వే కర్మశాలలో పని నేర్చెను. సిమ్లాలో ప్రభుత్వోద్యోగము చేసెను. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసు సంస్థయందు పనిచేయుచు, భాక్రానంగల్ ఆనకట్టనుండి విద్యుత్తు గొనిపోవు మార్గముల పనిలో పాలుపంచుకొనెను. 1964లో న్యూయార్కునందు జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సమావేశమునకు పోయివచ్చెను. 1979లో కీర్తిశేషురాలైనది. లాలాగూడ కర్మశాల ప్రక్కనుండి పోవునప్పుడెల్ల మాకు జమాల్పూరులోని ఆ యువతి తలపునకు వచ్చుచుండును.

సుబ్బారావుగారి ఉపకారము గొప్పది. కాని యొక సంగతి గమనింపుడు. ఆయన విద్య 1937కు ముందును ఉన్నది, తరువాతను ఉన్నది. ఒక్క డిగ్రీయైనను అధికము కాలేదు. కుమారులకు ఇంజనీరింగనియు, కుమార్తెలకు బడియనియు మొదట అర్థము చెప్పిన ఆ విద్యయే, బిడ్డకు కష్టము వచ్చిన పిదప వేఱర్థము చెప్పెను. మాఱినది మూలము కాదు, భాష్యము. కూతురి నుదుట బొట్టు చెరిగినగాని తండ్రుల భాష్యము మాఱరాదా? సుఖముగా నున్న బిడ్డకు ఆ భాష్యము వర్తింపదా?

భాష్యము అతియైనను చిక్కే. మన హైదరాబాదులోనే 1879లో జన్మించిన సరోజినీదేవిగారి తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు ఎడింబరోలో డాక్టరు పట్టా పొందిన శాస్త్రజ్ఞులు, ఇచ్చటి నిజాం కళాశాలకు మూలపురుషులు. కుమార్తె గొప్ప గణితశాస్త్రజ్ఞురాలో, విజ్ఞానశాస్త్రజ్ఞురాలో కావలెనని ఆయన కోరిక. బాలిక పదునొకండవ యేట బీజగణితపు లెక్క యొకటి తెగక, దానికి బదులు పద్యము వ్రాసికొనెను. తండ్రినుండియు, పడుచుదనమున వంగభాషలో పాటలు వ్రాసిన తల్లి వరదసుందరీదేవినుండియు సంక్రమించిన కవిత్వమే ఆమెయందు ప్రబలమైనది. పన్నెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషనులో నెగ్గిన పిల్లను తండ్రి లెక్కలకు కట్టివేసియున్న మనకొక కవయిత్రి దక్కకపోవును. కూతురికి ఎం.పి.సి.యో బై.పి.సి.యో తామే నిర్ణయించి, అది చదువు కాదు మా పరువనుకొను నేటి విద్యావంతులు ఈ సంగతి తలచుట మంచిది. తమ అసంపూర్ణ కోరికను బిడ్డ మెడకు కట్టుటయు, తమ నిరుత్సాహమును బిడ్డకు వారసత్వముగా నిచ్చుటయు, రెండును బిడ్డను చూడకుండుటయే.

తల్లిదండ్రుల చదువే విధి యనుకొని నిరాశ పడువారికి భండారు అచ్చమాంబగారి కథ యొకటి చాలును. ఆమె 1874లో జన్మించెను. బాల్యముననే తండ్రి పోయెను, పదేండ్ల ప్రాయమున పెండ్లియైనది, బడిముఖము చూడలేదు. తరువాతి కాలమున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆమె తమ్ముడు. తమ్ముడు తనయొద్దనుండి చదువుకొనుచుండగా, అక్క ఆతని పుస్తకములతోనే చదువు నేర్చెను. పలు భాషలు అభ్యసించి, 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాలను ప్రకటించి, స్త్రీల చరిత్రములు వ్రాసెను. 1905లో ముప్పదియొక్కటి నిండకయే మరణించెను. ఆ యింట చదువు పైనుండి క్రిందికి పాఱలేదు; తమ్ముని బల్లనుండి అక్క యొడిలోనికి వచ్చినది. ఇడ్లీబండి తల్లి యింట కూతురినుండి తల్లికి ఎక్కుచున్నది. తెఱచిన ద్వార మొక్కటున్నచో విద్య ఏ వైపునుండియైనను రాగలదు.

కావున చదువరులకు మేము నివేదించుకొనునది మిక్కిలి చిన్నది. తల్లి చదువు ఎచ్చట నిలిచినదో, ఎందుకు నిలిచినదో కూతురికి నిజము చెప్పుడు. మనము చెప్పకున్న, అమ్మకు ఇష్టము లేకపోయెనని పిల్ల తానే యొక కారణము కల్పించుకొనును. ఆ కల్పన తన బ్రదుకునకు కొలబద్ద యగును. రెండవది, బడి కాగితములపై తల్లి సంతకమును పడనిండు; వ్రాలు రానిచోట ఆమె ప్రశ్నయైనను వినబడనిండు. మూడవది, రాత్రి యొక గడియ పిల్లచేత పాఠమును తెలుగున చెప్పించుకొనుడు. మన తెలంగాణమున 2022–23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. తెలుగు చక్కగా చదువగల తల్లులనేకులు బిడ్డల పుస్తకము ముందు ఒక్కసారిగా నిరక్షరాస్యులైనట్లు తలవంచుకొనుచున్నారు. ఇది మనకు క్రొత్త కాదు. నిజాము కాలమున బడులలో ఉర్దూ మాధ్యమము నడుచుచుండగా, తెలుగు బాలికలు తమ యింటిభాషలో చదువుకొనవలెనని మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు 1928లో హైదరాబాదున ఆంధ్రబాలికా పాఠశాలను నెలకొల్పిరి. బడిభాష ఏదియైనను, ఇంటిభాషలో చెప్పింపదగని పాఠము లేదు. వినదగని తల్లియు లేదు.

ఇతరులకు చెప్పుట ముగిసినది గనుక, మా సంగతి చెప్పి విరమింతుము. మఱునాటి సాయంకాలము పిల్ల యెదుటనే మేము ఆ బ్యాంకు ఉత్తరము మాట యెత్తితిమి. పిల్ల తెల్లబోయి, "అమ్మకు బ్యాంకు ఉద్యోగం వచ్చిందా? నాకెవరూ చెప్పలేదే!" అనెను. పదునైదేండ్లు తల్లి ప్రక్కను పండుకొన్న బిడ్డకు ఆ సంగతి తెలియదు. తప్పు మాది యని మేము చెప్పితిమి. మా గృహిణి కొంతసేపటికి, "మీరు వద్దనలేదు. వద్దని ఉంటే పోట్లాడేదాన్ని" అనెను.

ఆ మాటకు మాయొద్ద ఉత్తరము లేదు. ఇప్పటికిని లేదు.

ఆమె లోనికి పోయి పెట్టె తెఱచెను. పట్టా అంచులు పసుపువారినవి. పిల్ల దానిని రెండుచేతులతో పట్టుకొని, తల్లి పేరును, మార్కులను బిగ్గఱగా చదివి, "అమ్మా, నీకు గణితంలో నాకన్నా ఎక్కువొచ్చాయి" అనెను. ఆ వారమునుండి ఇంటర్మీడియెటు లెక్కలు మా యింటి వసారాలోనే జరుగుచున్నవి. వీధిలోని బాలికలు మఱి యిద్దఱు వచ్చి చేరిరి. మేము కాఫీ కలుపుట నేర్చుకొనుచున్నాము. బాగుగ నుండదని ముగ్గురు విద్యార్థినుల యేకాభిప్రాయము. పోయిన జీతము తిరిగి రాదు, పోయిన పదునాలుగేండ్లు తిరిగి రావు. ఈ వసారా బడి వానికి పరిహారమని మేము భ్రమపడుట లేదు. ఐనను మొన్న ఆమె, "బి.ఎడ్. ప్రవేశపరీక్షకు దరఖాస్తు ఎప్పుడో కనుక్కొని రండి. నా వయస్సుకు ఇస్తారో లేదో కూడా అడగండి" అనెను. ఈమాఱు మేము "నీ యిష్టం" అనలేదు. చెప్పులు తొడుగుకొని బయలుదేఱితిమి.

పిల్ల ఎం.పి.సి.లో చేరినది. ఆ తరువాత ఏమని మఱల అడిగితిమి. "ఇంకా తేల్చుకోలేదు నాన్నా" అనెను. ఆ మాట విని మేమెంత సంతోషించితిమో ఆ బిడ్డకు తెలియదు. ఇనుపపెట్టెలోని పట్టా మాత్రము చౌరస్తాలోని జిరాక్సు దుకాణమునకు పోయి, నాలుగు ప్రతులతో తిరిగివచ్చి, ఇప్పుడు బల్లమీద నున్నది.